గేరు పడదు, ప్లేటు నిలవదు: కొత్త లారీ డ్రైవర్ల తంటా ఎక్కడ మొదలవుతుంది

క్లుప్తంగా: గేరు గరగరమనడం, మిట్టలో బండి ఆగిపోవడం, ఇంజిన్‌నూ గేర్ బాక్సునూ కలిపే క్లచ్ ప్లేటు తొందరగా కాలిపోవడం కొత్తగా లారీ ఎక్కినవారి గురించి తరచూ వినిపించే ఫిర్యాదులు. ఇందులో ఎడమకాలి తప్పు కొంతే. ఇంజిన్ వేగానికీ చక్రాల వేగానికీ లోడుకూ పొంతన కుదరకపోవడమే అసలు కారణం. ఆ పొంతన చెవికి పట్టుబడాలంటే లోడు బండి మీద రోజులు గడవాలి. ఇప్పటి నేర్చుకునే పద్ధతిలో కరువైంది ఆ రోజులే.

ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల గేటు దగ్గరో, బేతంచెర్ల నాపరాళ్ల గనుల నుంచి తారురోడ్డెక్కే మట్టిదారిలోనో కాసేపు నిలబడితే, కొత్త డ్రైవరు మొహం చూడకుండానే తెలిసిపోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, బండి ముందుకూ వెనక్కూ ఊగుతుంది, గేర్ బాక్సులో ఇనుము ఇనుమును ఒరుసుకున్న చప్పుడొస్తుంది. ఒక్కోసారి అంతా ఆగిపోయి, వెనక బండ్ల హారన్లు మొదలవుతాయి. పక్కవాళ్లు ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: "క్లచ్ అడుగుదాకా తొక్కప్పా." సలహాలో తప్పేం లేదు. కానీ అడుగుదాకా తొక్కినా గేరు పడని సందర్భాలు చాలా ఉన్నాయి. తొక్కితే గేరు పడినా, ప్లేటు నెలల్లోనే కాలిపోయే సందర్భాలూ ఉన్నాయి.

రాయలసీమ రవాణాలో ఈ పనితనానికి పరీక్ష కొంచెం గట్టిగానే ఉంటుంది. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల సిమెంటు, బేతంచెర్ల నాపరాయి, మంగంపేట ముగ్గురాయి, అన్నీ తక్కువ జాగాలో ఎక్కువ బరువు తూగే సరుకులు. కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి చాలావరకు నిదానంగా ఎక్కి దిగుతుంది. కడప నుంచి రాయచోటి వైపు పోయే 40వ నంబరు రహదారి అలా కాదు, గువ్వలచెరువు దగ్గర పాలకొండలను దాటాలి. నంద్యాల నుంచి గిద్దలూరు పోవాలంటే నల్లమల కనుమ ఉంది. ఖాళీ మైదానంలో నేర్చుకున్న గేర్లు ఈ దారుల్లో వేరేగా ప్రవర్తిస్తాయి.

కారు కాలు, లారీ కాలు

లారీ నేర్చుకునేవారిలో చాలామంది అంతకుముందు కారో, ఆటోనో, బొలెరోనో నడిపినవారే. చట్టం కూడా అదే వరుస పెట్టింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనానికి లెర్నింగ్ లైసెన్సు కావాలంటే, తేలికపాటి వాహనం లైసెన్సు చేతికొచ్చి కనీసం ఏడాది గడవాలి, వయసు 20 దాటాలి. ఈ ఏడాదిలో కారు నేర్పిన అలవాట్లే లారీలో మొదటి అడ్డంకి అవుతాయి.

కారు పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు, అంటే 6,000 ఆర్‌పీఎం దాకా పరుగెత్తగలదు. గేరు ఎక్కడ మార్చినా ఎంతో కొంత లాగుతుంది, పొరపాటును క్షమిస్తుంది. లారీ డీజిల్ ఇంజిన్‌కు అంత వెసులుబాటు లేదు. ఐడిల్‌లో 600 దగ్గర తిరుగుతుంది, బలమంతా దాదాపు 1,200 నుంచి 1,600 మధ్య ఉంటుంది, 2,500 లోపే, ఇంజిన్ వేగం హద్దు దాటకుండా చూసే గవర్నర్ అడ్డుకుంటుంది. మీటరులో ఆకుపచ్చ రంగు వేసేది ఈ బలమున్న భాగానికే. ఇంత ఇరుకైన పరిధిలోనే బండిని కదలని స్థితి నుంచి 80 కిలోమీటర్ల వేగం దాకా తీసుకెళ్లాలి గనుక గేర్లు ఎక్కువుంటాయి. ఆరు గేర్ల బాక్సు మామూలు. పెద్ద టిప్పర్లలో, ట్రైలర్లలో ఎనిమిది, తొమ్మిది కూడా ఉంటాయి.

రెండో తేడా తిరిగే భాగాల బరువు. కారులో క్లచ్ ప్లేటు అన్నం తినే పళ్లెం కంటే చిన్నది. లారీల్లో 352 మి.మీ. నుంచి 430 మి.మీ. దాకా ఉంటుంది, పెద్ద పరాతంత. ఆ ప్లేటూ, దానితో పాటు తిరిగే గేర్ బాక్సు షాఫ్టూ ఒకసారి వేగం అందుకుంటే వెంటనే ఆగవు. కారులో క్లచ్ తొక్కీ తొక్కగానే రివర్స్ వేయవచ్చు. లారీలో అలా వేస్తే గరగరమంటుంది, ఎందుకంటే క్లచ్ తొక్కాక కూడా లోపలి షాఫ్టు రెండు మూడు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. రివర్స్ గేరుకు సాధారణంగా వేగాలను సమానం చేసే సింక్రో కూడా ఉండదు. ఆ కాసేపు ఆగడం చాలామంది కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. క్లచ్ పాడైందనుకుని పెడల్‌ను ఇంకా గట్టిగా తొక్కుతారు.

గరగర ఎక్కడి నుంచి

గేర్ బాక్సు లోపల పళ్ల చక్రాలు ఎప్పుడూ ఒకదానిలో ఒకటి కలిసే ఉంటాయి. గేరు వేయడమంటే, మెయిన్ షాఫ్టు మీద వదులుగా తిరుగుతున్న చక్రాన్ని ఒక స్లీవుతో ఆ షాఫ్టుకు బిగించడం. స్లీవు బండి చక్రాల వేగాన్ని బట్టి తిరుగుతుంటే, బిగించాల్సిన పళ్ల చక్రం ఇంజిన్ వైపు నుంచి వచ్చిన వేగంతో తిరుగుతుంటుంది. రెండు వేగాలు ఒకటైతే స్లీవు జారినట్టు కూర్చుంటుంది. తేడా ఉంటే పళ్లు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. ఆ ఢీయే మనకు వినిపించే గరగర.

లెక్కేసి చూస్తే విషయం తేలిక. ఒక బండిలో మూడో గేరు నిష్పత్తి (గేర్ బాక్సు బయటి షాఫ్టు ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరిగే చుట్లు) 2.5, నాలుగోది 1.6 అనుకుందాం. మూడో గేరులో 1,800 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ తొక్కి నాలుగుకు మారాలి. బండి వేగం అంతే ఉంటే, నాలుగో గేరుకు తగిన ఇంజిన్ వేగం సుమారు 1,150. అంటే ఇంజిన్ వైపు వేగం 650 చుట్లు తగ్గాలి. ఆ తగ్గుదలకు సమయం పడుతుంది. తొందరపడి తోస్తే గరగర. మరీ ఆలస్యం చేస్తే వేగం 1,150 కంటే కిందికి పడిపోయి, క్లచ్ వదలగానే బండి కుదుపుతుంది.

కిందికి మార్చడం దీనికి తలకిందులు. నాలుగో గేరులో 1,150 దగ్గర ఉన్న బండిని మూడులోకి తేవాలంటే ఇంజిన్ వైపు వేగం 1,800కు పెరగాలి. క్లచ్ తొక్కి ఊరుకుంటే వేగం పెరగకపోగా తగ్గుతుంది. అందుకే గేరు ఎక్కించేటప్పుడు పెద్దగా తడబడనివాళ్లు కూడా దించేటప్పుడు ఇబ్బంది పడతారు. ఎక్కించేటప్పుడు ఓపిక పడితే సరిపోతుంది, దించేటప్పుడు మాత్రం చేయాల్సిన పని ఒకటి ఉంటుంది, అదే యాక్సిలరేటరు మీద ఒక చిన్న రేసు.

గేర్ బాక్సులు రెండు, సలహాలు కలగాపులగం

ఇప్పటి లారీల్లో చాలావాటికి సింక్రోమెష్ గేర్ బాక్సు ఉంటుంది. స్లీవుకూ చక్రానికీ మధ్య ఒక ఇత్తడి రింగో, రాపిడి పూత వేసిన ఉక్కు రింగో ఉండి, పళ్లు కలిసే ముందే ఒరిపిడితో రెండింటి వేగాన్ని సమానం చేస్తుంది. సమానమయ్యేదాకా స్లీవును ముందుకు పోనివ్వదు. డ్రైవరుకు గేర్ రాడ్ మీద మెత్తని అడ్డు తగిలినట్టు ఉంటుంది. ఆ అడ్డు దగ్గర చేతిని నిదానంగా ఆనించి ఉంచితే సరిపోతుంది. బలంగా గుద్దితే రింగు అరుగుతుంది. కొన్నాళ్లకు ఆ ఒక్క గేరు మాత్రమే గరగరమనడం మొదలవుతుంది.

పాత తరం లారీల్లో, కొన్ని భారీ బండ్లలో సింక్రో లేని కాన్‌స్టెంట్ మెష్ బాక్సులుంటాయి. వాటికి డబుల్ క్లచ్ తప్పదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్ వదలాలి, ఎక్కించేటప్పుడైతే ఇంజిన్ వేగం పడేదాకా ఆగాలి, దించేటప్పుడైతే ఒక రేసు ఇవ్వాలి, తర్వాత మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. న్యూట్రల్‌లో క్లచ్ ఎందుకు వదలాలన్నది కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది. క్లచ్ తొక్కి ఉంచితే ఇంజిన్‌కూ గేర్ బాక్సుకూ సంబంధం తెగిపోతుంది, ఎంత రేసు ఇచ్చినా లోపలి షాఫ్టుకు అందదు. వదిలితేనే ఆ రేసు షాఫ్టును తిప్పుతుంది.

సింక్రో ఉన్న బండికి డబుల్ క్లచ్ అవసరం లేదు. అయితే వృథా కూడా కాదు. రింగులు అరిగిన బండిలో, చల్లని ఉదయం గేర్ ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు, రెండో గేరు నుంచి ఒకటికి దించేటప్పుడు అది బాక్సును కాపాడుతుంది.

ఈ తేడాలు తెలియకుండా ఫోనులో వీడియోలు చూసి నేర్చుకోవడం కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. అమెరికా ట్రక్కుల వీడియోల్లో డ్రైవర్లు క్లచ్‌ను సగమే తొక్కాలంటారు, కొందరు అసలు తొక్కకుండానే గేర్లు మారుస్తారు. ఆ బండ్లలో బాక్సులకు సింక్రో ఉండదు. అక్కడ పెడల్ చివరి అంగుళంలో క్లచ్ బ్రేక్ అనే భాగం పనిచేస్తుంది. ఆగి ఉన్న బండిలో గేరు వేయడానికి లోపలి షాఫ్టును ఆపడమే దాని పని. పరుగులో పెడల్‌ను అడుగుదాకా తొక్కితే ఆ బ్రేకు పాడవుతుంది కాబట్టి సగం తొక్కమంటారు. అదే సలహాను ఇక్కడి సింక్రో బండికి వాడితే క్లచ్ పూర్తిగా విడిపోదు, సగం అంటుకుని ఉన్న ఇంజిన్ వేగాన్ని సమానం చేయలేక రింగు అరిగిపోతుంది. ఆ వీడియోలు వాటి బండ్లకు సరైనవే. నడపబోయే బండిలో ఏ బాక్సు ఉందో ముందు అడిగి తెలుసుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఎనిమిది, తొమ్మిది గేర్ల బాక్సుల్లో ఇంకో మెలిక ఉంది. రాడ్ మీదున్న చిన్న స్విచ్చు లో నుంచి హైకి, హై నుంచి లోకి మొత్తం బాక్సునే మారుస్తుంది. ఒకటో గేరు చోటే ఐదో గేరు కూడా ఉండే అమరికలో, స్విచ్చు ఎటుందో మరిచిపోతే చేయి సరిగ్గానే పోతుంది, గేరు మాత్రం తప్పు పడుతుంది. ఆ మార్పు గాలి ఒత్తిడితో జరుగుతుంది. పొద్దున్నే బండి స్టార్ట్ చేసి ట్యాంకుల్లో గాలి నిండకముందే కదిపితే స్విచ్చు పలకదు. డ్రైవరు గేరు చెడిందనుకుంటాడు.

మిట్టలో పోయే మూడు సెకన్లు

పై లెక్కలన్నీ బండి వేగం మారదన్న ఊహ మీద నడిచాయి. చదునైన రోడ్డులో ఆ ఊహ చెల్లుతుంది. నూరు అడుగులకు ఐదడుగులు లేచే మిట్టలో చెల్లదు. అలాంటి చోట గేరు వదిలిన లారీ సెకనుకు దాదాపు 2 కి.మీ. వేగం కోల్పోతుంది. చిత్రమేమిటంటే ఈ తగ్గుదల ఖాళీ బండికీ లోడు బండికీ దాదాపు ఒకటే. బరువు తేడా ఆ తర్వాత తెలుస్తుంది. పోయిన వేగాన్ని ఖాళీ బండి చిటికెలో రాబట్టుకుంటుంది, లోడు బండి రాబట్టుకోలేదు.

ముందటి బండినే తీసుకుందాం. మూడో గేరులో 1,800 ఆర్‌పీఎం మీద 24 కి.మీ. వేగంతో మిట్ట ఎక్కుతోంది. కొత్త డ్రైవరు నాలుగుకు మార్చడానికి మూడు సెకన్లు తీసుకున్నాడు. ఆలోపు వేగం 18కి పడింది. ఆ వేగానికి నాలుగో గేరులో ఇంజిన్ తిరిగేది 860 దగ్గర, బలం ఉండే చోటికి చాలా కింద. ఇంజిన్ దడదడలాడుతుంది, వెంటనే మూడుకు దించాలి. దించేలోపు ఇంకొంత వేగం పోతుంది, ఇప్పుడు రెండు కావాలి. ఈ పరుగు పందెంలో ఒక్కో గేరూ చేజారి, చివరకు బండి మిట్ట మధ్యలో నిలబడుతుంది. ఆరితేరిన డ్రైవరు అక్కడ నాలుగు వేయడానికే పోడు. మూడులోనే ఓపిగ్గా ఎక్కి, పైన చదును తగిలాక మారుస్తాడు. చేతివాటం కంటే ముందు పట్టుబడాల్సింది ఎక్కడ మార్చకూడదన్న తెలివిడి.

దించేటప్పుడు కూడా మిట్ట లెక్క మారుస్తుంది. చదునులో నాలుగు నుంచి మూడుకు దించడానికి ఇంజిన్‌ను 1,800కు లేపాలనుకున్నాం. మిట్టలో గేరు మార్చడానికి పట్టే సెకనున్నరలో బండి 24 నుంచి 21కి తగ్గుతుంది, కనుక అవసరమయ్యేది 1,600 లోపే. చదునులో అలవాటైన రేసే ఇక్కడా ఇస్తే ఎక్కువైపోయి మళ్లీ గరగర. ఖాళీ మైదానంలో చక్కగా గేర్లు వేసిన మనిషి కనుమలో తడబడటానికి కారణం భయమని పెద్దవాళ్లు అంటుంటారు. భయం ఉంటే ఉండవచ్చు, చెవి ఇంకా పాత లెక్కలోనే ఉండటం మాత్రం ఖాయం.

ప్లేటు ఎలా కాలుతుంది

గరగర చెవికి వినిపిస్తుంది గనుక డ్రైవరు జాగ్రత్తపడతాడు. క్లచ్ వేడెక్కడం వినిపించదు. వాసన వచ్చేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

క్లచ్ పనే జారుతూ జారుతూ అంటుకోవడం. ఇంజిన్ తిరుగుతోంది, చక్రాలు ఆగి ఉన్నాయి, ఈ రెంటినీ కలిపే కొద్ది సెకన్లలో ప్లేటు మీది రాపిడి పూత, అంటే లైనింగు, ఒకవైపు ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీలునూ మరోవైపు దాన్ని అదిమిపట్టే ప్రెషర్ ప్లేటునూ ఒరుసుకుంటుంది. చదునులో బండిని కదిపినప్పుడు ప్లేటులో పుట్టే వేడి, క్లచ్ పూర్తిగా పట్టుకునే క్షణానికి బండికి వచ్చిన చలనశక్తితో దాదాపు సమానం. చలనశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, ఏ గేరులో కదిపారన్నది ఇక్కడ అన్నింటికంటే ముఖ్యం.

28.5 టన్నుల పది టైర్ల బండిలో, ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా పట్టేసరికి వేగం 5 కి.మీ., సెకండులో 9, థర్డులో 16 అనుకుందాం. ఫస్టులో పుట్టే వేడి దాదాపు 27 కిలోజౌళ్లు. సెకండులో 89. థర్డులో 280. ఆఖరిది ఒక లీటరు నీళ్లను దాదాపు మరిగించేంత వేడి, అదీ ఒక్కసారి బండి కదిపినందుకు. ఖాళీ బండి బరువు ఇందులో మూడో వంతే, కాబట్టి ఖాళీగా సెకండులో కదిపినా ప్లేటు తట్టుకుంటుంది. ఆ అలవాటే లోడు వేశాక ప్రాణం మీదికి తెస్తుంది. "నేను రోజూ సెకండులోనే తీస్తా" అనే డ్రైవరు ఖాళీ బండి గురించి నిజమే చెబుతున్నాడు.

రెండో కారణం హాఫ్ క్లచ్. మిట్టలో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు వేయకుండా, సగం క్లచ్ మీద కొద్దిగా యాక్సిలరేటరు ఇచ్చి బండిని జారకుండా నిలబెట్టడం చూడ్డానికి పనితనంలా కనిపిస్తుంది. ఇదే 28.5 టన్నుల బండి ఐదు శాతం మిట్టలో అలా నిలబడితే, ప్లేటులో సెకనుకు సుమారు 14 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 20 సెకన్లు నిలబెడితే 280, థర్డు గేరులో కదిపినంత. హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ పట్టే చోటు చూసుకుని, బ్రేకు వదిలి కదిలితే ఈ వేడిలో ఎక్కువ భాగం పుట్టదు. క్లచ్ పట్టే చోటు తెలిసేది ఇంజిన్ చప్పుడు కొంచెం బరువెక్కడంతో, క్యాబిన్ ముక్కు కొద్దిగా లేవడంతో. ఒక్కో బండిలో ఆ చోటు ఒక్కో ఎత్తులో ఉంటుంది.

మామూలు లైనింగు 250, 300 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతుంది. పట్టు తగ్గితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. ఈ వలయం మొదలయ్యాక నిమిషాల్లో ప్లేటు నల్లబడుతుంది, ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్లు వస్తాయి. అప్పుడు ప్లేటు ఒక్కటి మార్చితే సరిపోదు. ఒకసారి బండి కష్టంగా కదిలితే మళ్లీ వెంటనే ప్రయత్నించకుండా కాసేపు చల్లారనివ్వాలని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

మూడో కారణం పాదం. గేర్లు మార్చే పని లేనప్పుడు కూడా ఎడమకాలు పెడల్ మీద ఆనించి నడిపేవారున్నారు. లారీ క్లచ్‌కు గాలి సాయంతో నడిచే బూస్టరు ఉంటుంది కాబట్టి పాదం బరువు కూడా క్లచ్‌ను కొద్దిగా విడదీయగలదు. క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఎడతెగకుండా తిరుగుతూ అరుగుతుంది, లోడులో ప్లేటు సన్నగా జారుతుంది. డ్రైవరుకు ఏమీ తెలియదు, మీటరులో ఆర్‌పీఎం ముల్లు మాత్రం వేగం పెరగకుండానే పైకి పోతుంటుంది.

బరువు సంగతీ ఇక్కడే. 2018లో కేంద్రం యాక్సిల్ లోడు పరిమితులు పెంచాక పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు, భారీ ట్రైలర్లది 49 నుంచి 55కు చేరింది. అంతకుముందు తయారైన పది టైర్ల బండిని కొత్త పరిమితి దాకా నింపితే క్లచ్ అదే, కదపాల్సిన మొత్తం బరువు మాత్రం 14 శాతం ఎక్కువ. దాని మీద ఓవర్‌లోడు కలిస్తే, కాలిన ప్లేటుకు డ్రైవరును మాత్రమే బాధ్యుణ్ని చేసి బత్తాలో కోయడం అన్యాయమైన లెక్క.

44వ నంబరు రహదారి మీద అమకతాడు, కాసేపల్లి, మరూరు టోల్ ప్లాజాల వరుసల్లో క్లచ్ వాడకం ఎక్కువ. 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక ఆగే సమయం తగ్గింది గానీ, అడుగడుగు కదిపే అలవాటు పోలేదు. ముందు బండి జరిగిన ప్రతి పది అడుగులకూ కదపడం కంటే నాలుగు బండ్ల ఖాళీ వచ్చేదాకా ఆగి ఫస్టులో ఒకేసారి పోవడం ప్లేటుకు మేలు. ఆ ఖాళీలోకి ఏ కారో దూరుతుందన్నది వేరే సమస్య.

గువ్వలచెరువు దిగువలో

రాయచోటి వైపు నుంచి కడపకు వచ్చే లారీలు గువ్వలచెరువు కనుమ దిగాలి. పాలకోవాకు పేరున్న ఆ ఊరి పేరు ప్రమాదాల వార్తల్లోనూ తరచూ వస్తుంటుంది. ఎక్కేటప్పుడు గేరు తప్పితే పోయేది ప్లేటు. దిగేటప్పుడు తప్పితే బ్రేకులు పోతాయి.

పెద్దల మాట ఒకటుంది: ఏ గేరులో ఎక్కే దారో ఆ గేరులోనే దిగాలి. ఇప్పటి బలమైన ఇంజిన్లు ఎక్కువ గేరులో ఎక్కేస్తున్నాయి కాబట్టి, దిగేటప్పుడు ఇంకో గేరు తగ్గించుకోవడం మంచిది. గేరు పట్టి ఉన్నప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, ఆ తిప్పే శ్రమ బండిని పట్టి ఉంచుతుంది. ఇంజిన్ పొగ దారిని మూసి పట్టే ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే ఆ పట్టు ఇంకా పెరుగుతుంది. న్యూట్రల్ కొడితే ఈ సాయమంతా పోయి భారం మొత్తం బ్రేకు లైనర్ల మీద పడుతుంది. అవి వేడెక్కితే పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు. పదే పదే తొక్కితే ట్యాంకుల్లో బ్రేకులను నడిపే గాలీ తగ్గిపోతుంది.

న్యూట్రల్‌లో దొర్లిస్తే డీజిల్ మిగులుతుందన్న నమ్మకం మాత్రం చావడం లేదు. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న ఇంజిన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో అయితే ఐడిల్ కోసం ఎంతో కొంత కాలుతూనే ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లన్నీ ఎలక్ట్రానిక్‌వే. అంటే ఆ పొదుపు లెక్క తిరగబడి చాలా కాలమైంది.

దిగువలో గేరు దించాల్సి వస్తే కొత్తవాళ్లు పడే ఉచ్చు ఇంకొకటి. న్యూట్రల్‌కు తెచ్చాక బండి వేగం పెరుగుతుంది, తక్కువ గేరు ఇక పడదు, పాత గేరు కూడా పడదు. అందుకే కనుమ మొదలయ్యే ముందే, బండి నిదానంగా ఉన్నప్పుడే గేరు దించుకోవాలి. క్లచ్ తొక్కి పట్టి, తక్కువ గేరులో ఉంచి దొర్లించడం ఇంకా ప్రమాదం. ఆరో గేరులో 60 కి.మీ. దగ్గర 1,500 తిరిగే ఇంజిన్ ఉన్న బండిలో, ఆరోది నిష్పత్తి 1, రెండోది 4 అనుకుంటే, అదే వేగంలో రెండో గేరు పడితే క్లచ్ ప్లేటు 6,000 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. ఇంజిన్ విడిపోయి ఉన్నా ప్లేటును తిప్పేది చక్రాలు. ఆ వేగానికి లైనింగు ముక్కలై పేలిపోగలదు. గవర్నరు ఇంజిన్‌ను ఆపగలదు గానీ చక్రాల నుంచి వచ్చే వేగాన్ని ఆపలేదు.

ఖాళీ అయిన క్లీనర్ సీటు

ఒకప్పుడు లారీ డ్రైవరు కావడానికి ఉన్న దారి క్లీనరుగా చేరడం. టైర్లు తట్టడం, రేడియేటరుకు నీళ్లు పోయడం, రివర్సులో "రానీ, రానీ" అని అరవడం, వీటి మధ్యే ఏళ్లు గడిచేవి. ఆ ఏళ్లలో ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. కానీ ఎడమ సీటులో కూర్చున్న కుర్రాడి చెవికి లోడు బండి గుత్తి మిట్టలో ఎప్పుడు బరువెక్కుతుందో, మేస్త్రి ఎక్కడ గేరు దించుతాడో పట్టుబడిపోయేది. స్టీరింగు చేతికొచ్చేసరికి సగం విద్య వచ్చేసి ఉండేది. ఆ పద్ధతిలో తిట్లు, వెట్టి, చాలీచాలని కూలి ఉన్నమాట నిజమే. దాన్ని తిరిగి తెమ్మనడం ఎవరి వాదనా కాదు.

ఖర్చు తగ్గించుకోవడానికి చాలామంది యజమానులు క్లీనరును మానేశారు. ఇప్పుడు నేర్చుకునే దారి డ్రైవింగ్ స్కూలు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో రవాణా వాహనాల శిక్షణకు 30 రోజులు, అసలు బండి నడిపే సమయం కనీసం 15 గంటలు అని ఉంది. ఆ 15 గంటలూ నిజంగా నడిపించినా, బండి సాధారణంగా ఖాళీదే. లైసెన్సు పరీక్షకు తెచ్చేదీ ఖాళీ బండే. ఖాళీ బండి సెకండులో కదులుతుంది, గేరు ఆలస్యమైనా ఆగదు, దిగువలో బ్రేకు వేస్తే నిలబడుతుంది. మొదటి ట్రిప్పుకే ఎర్రగుంట్లలో సిమెంటు ఎత్తి చెన్నై దారి పట్టిన కొత్త డ్రైవరు, తాను నేర్చుకున్నదానికి మూడు రెట్ల బరువున్న బండిని పక్కన ఎవరూ లేకుండా నడుపుతున్నాడు. 2019లో ఎనిమిదో తరగతి చదువు నిబంధన ఎత్తేశాక ఈ వృత్తిలోకి రావడం సులువైంది. లోపలికొచ్చాక నేర్పే ఏర్పాటు మాత్రం అంతే ఉంది.

తమిళనాడు నామక్కల్‌లో అశోక్ లేలాండ్ ఎప్పటి నుంచో డ్రైవర్ల శిక్షణ కేంద్రం నడుపుతోంది. లారీ వ్యాపారానికి పేరున్న ఆ ఊరికి అది అమరింది. సిమెంటు, నాపరాయి, ముగ్గురాయి లారీలతో ఏడాది పొడవునా కదిలే ఈ జిల్లాల్లో లోడు బండి మీద, కనుమ దారిలో శిక్షణ ఇవ్వడానికి కావాల్సినవన్నీ ఉన్నాయి. మొదటి పది పన్నెండు ట్రిప్పులు అనుభవమున్న డ్రైవరును పక్కన కూర్చోబెట్టే ఖర్చు, ప్లేటుతో పాటు ఫ్లైవీలు మార్చే ఖర్చు పక్కపక్కన పెట్టి చూసే యజమానులు తక్కువ.

తప్పు మనిషిదా, బండిదా

అన్నిసార్లూ డ్రైవరును అనడానికి లేదు. నాలుగు గుర్తులు చూస్తే తేడా తెలుస్తుంది. ఏదో ఒక్క గేరు మాత్రమే గరగరమంటుంటే ఆ గేరు సింక్రో అరిగిందని అనుమానించాలి. అన్ని గేర్లూ, ముఖ్యంగా ఆగి ఉన్నప్పుడు ఫస్టూ రివర్సూ పడకపోతే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. పెడల్ ఫ్రీ ప్లే, అంటే క్లచ్ కదలకముందు పెడల్ ఊరికే దిగే దూరం ఎక్కువైనా, క్లచ్ ఆయిలులో గాలి చేరినా ఇలా అవుతుంది. పెడల్ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుంటే బూస్టరుకు గాలి అందడం లేదు, మీటరులో గాలి ఒత్తిడి చూడాలి. ఇంజిన్ అరుస్తూ బండి ఎత్తుకోకపోతే ప్లేటు జారుతోంది. చాలా బండ్లలో లైనింగు అరిగేకొద్దీ ఫ్రీ ప్లే తగ్గిపోతుంది, సర్దకుండా వదిలేస్తే పాదం పెట్టకపోయినా పెట్టినట్టే క్లచ్ జారుతుంది. ఇవేవీ చూడకుండా, పాత డ్రైవరు అలవాటుతో నెట్టుకొచ్చిన బండిని కొత్తవాడి చేతికిచ్చి అతని కాలును తప్పుపట్టడం గ్యారేజీల్లో రోజూ కనిపించేదే.

గేరు తానే మారే బండ్లు వస్తే

క్లచ్ పెడల్ లేని ఏఎంటీ లారీలు భారత మార్కెట్లోకి వచ్చి కొన్నేళ్లయింది. వాటిలోనూ గేర్ బాక్సు, క్లచ్ ప్లేటు మామూలువే. తొక్కే పని, రాడ్ కదిపే పని గాలితోనో మోటారుతోనో జరుగుతాయి, ఎప్పుడు మార్చాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇంజిన్ వేగాన్ని అది చుట్ల లెక్కన సరిచేయగలదు కాబట్టి గరగర సమస్య దాదాపు తీరిపోతుంది. తప్పు గేరు వేయమన్నా వేయదు. ధర ఎక్కువ కావడం, చిన్న ఊళ్లలో మరమ్మతు తెలిసినవాళ్లు తక్కువ కావడం వల్ల ఒకటి రెండు బండ్లున్న యజమానుల దాకా ఇవి రావడానికి సమయం పడుతుంది.

వేడి లెక్క మాత్రం ఏఎంటీకీ మారదు. మిట్టలో బ్రేకు వేయకుండా యాక్సిలరేటరు మీద బండిని నిలబెడితే, డ్రైవరు కాలికి బదులు యంత్రం హాఫ్ క్లచ్ పట్టి ఉంచుతుంది. ప్లేటు అలాగే కాలుతుంది. తేడా ఒక్కటే, డ్యాష్‌బోర్డు మీద క్లచ్ వేడెక్కిందన్న హెచ్చరిక వెలుగుతుంది.